మేర తాత ఆపిన మాఫీ

మొన్న బడంగ్‌పేట్‌లో ఒక ఫంక్షన్ హాలుకు వెళ్ళాను. మా తమ్ముడి మనవరాలి నికా. భోజనాలకు ముందు మైకు పట్టుకున్న కుర్రవాడు, "హాజీసాబ్‌లందరు జర ముందు సోఫాలల్లకు రావాలె" అన్నాడు. సగం హాలు లేచింది. సోఫాలు చాలలేదు. హజ్ కాకుండా ఉమ్రా అనే చిన్న యాత్రకు మాత్రమే పోయొచ్చినవాళ్ళు లేవవచ్చా కూడదా అని నా పక్కన ఇద్దరు పెద్దమనుషులు వాదులాడుకున్నారు. ఆ వాదన తేలేలోపు బిర్యానీ వచ్చింది కాబట్టి ఇద్దరూ ఉన్నచోటే కూర్చున్నారు.

హజ్‌కు పోయొచ్చినవాణ్ణి హాజీ అంటారు. ఆడమనిషైతే హజ్జన్. అర్థం ఇంతే, పిల్లలకు కూడా తెలుసు. కానీ వాడుక చూస్తే ఇప్పుడు దానికి హద్దే లేదు. మటన్ దుకాణానికి ఆ పేరే, చాయ్ హోటల్‌కు ఆ పేరే. గడ్డం నెరిసి టోపీ పెట్టుకున్నవాడు కనబడితే ఆటోవాడు "హాజీసాబ్, ఏడికి పోవాలె" అంటాడు. ఆ పెద్దమనిషి జీవితంలో నాంపల్లి దాటకపోయినా కాదనడు. మా చిన్నతనంలో ఆ మాట ఇంత చవక కాలేదు. మా వాడకట్టు మొత్తానికి దాన్ని మోసినవాళ్ళు ఇద్దరే, ఇద్దరూ మా ఇంటివాళ్ళే. ఆ ఇద్దరిలో ఒకరికి ఒక మాఫీ తక్కువ పడింది.

మాది దూదేకుల ఇల్లు. ఇబ్రహీంపట్నంలో బస్టాండు నుంచి చెరువు వైపు పోయే బాట మీద ఉండేది. మా తాత దూది ఏకేవాడు. దూలానికి కట్టిన పొడుగాటి విల్లు కింద ఆయన కూర్చుని నారి మీద కర్రతో కొడుతుంటే ఆ మోత బస్టాండు దాకా వినిపించేది. సాయంత్రానికి ఆయన కనుబొమ్మలు, మీసాలు, చెవుల మీది వెంట్రుకలు తెల్లబడేవి. ఏకిన దూది కుప్పలో దూకొద్దని పిల్లలమైన మాకు కచ్చితమైన ఆజ్ఞ ఉండేది. అందుకని పెద్దవాళ్ళు మధ్యాహ్నం నడుము వాల్చినప్పుడే దూకేవాళ్ళం. పాత పరుపులు విప్పినప్పుడు వచ్చే వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. కొబ్బరినూనె, పసిపిల్లల ఉచ్చ, జండూబాం అన్నీ కలిసిన ఆ వాసన మా నాయనమ్మకు గిట్టేది కాదు. నాకు మాత్రం అదే ఇంటి వాసన.

మా అరుగు మీద మేర తాత మిషిను ఉండేది. ఆయన మేరవాళ్ళాయన, బట్టలు కుట్టేవాడు. మా తాత దూది ఏకితే, ఆయన పరుపులకు సంచులు, రజాయిలకు గలీబులు కుట్టేవాడు. మీసాలు రాకముందు నుంచీ ఇద్దరూ కలిసి పనిచేశారు. లోపల విల్లు మోత, బయట మిషిను చప్పుడు. ఒకటి ఆగితే రెండోది కూడా ఆగేది, ఎందుకంటే చాయ్ వచ్చిందని అర్థం. మా తాతను ఆయన "భాయ్" అనేవాడు, మా నాయనమ్మను "వదినె" అనేవాడు. మధ్యాహ్నం ఆయన గిన్నె వాళ్ళింటి నుంచి వచ్చేది, కానీ మూత తీసి చూసి, "వదినె, నీ పచ్చిపులుసు ఉన్నదా జర" అనేవాడు. ఆమెకు అది ముందే తెలుసు కాబట్టి రొట్టె కూడా ఆయన లెక్క కలిపే కాల్చేది.

ఆ యేడు హజ్‌కు తీసిన చీటీల్లో తాతదీ నాయనమ్మదీ పేర్లు వచ్చాయి. అప్పుడు బొంబాయి దాకా రైలు, అక్కడి నుంచి ఓడ. పోయి రావడానికి నెలలు పట్టేది. పట్నం నుంచి కబురు రాగానే వాడకట్టంతా తాతను "హాజీసాబ్" అనడం మొదలుపెట్టింది. తాతకు ఇది ఎంతమాత్రం నచ్చలేదు. "ఇంక పోనే లేదు, హాజీ ఎట్లయిత" అని గొణిగేవాడు. నాయనమ్మ సంగతి వేరు. ఎవరైనా "హజ్జన్‌బీ" అని పిలిస్తే వినబడనట్టు ఉండేది, రెండోసారి పిలవాలని. మూడోసారి కూడా వినబడనట్టు ఉంటే తాత లోపలి నుంచి, "చెవులు ఇనొస్తలెవ్వా హజ్జన్‌బీ" అనేవాడు. అప్పుడు మాత్రం బాగా వినబడేది, కోపం కూడా వచ్చేది.

ఓడలో ఏం పెడతారో ఏమోనని ఆమె వంట మొదలుపెట్టింది. గోధుమపిండిలో బెల్లం కలిపి నూనెలో వేయించిన బిళ్ళలు, వేయించిన పప్పులతో కారంపొడి, నువ్వులతో సత్తుపిండి, మామిడికాయ తొక్కు. ఇల్లంతా ఎల్లిపాయ పోపు వాసన. నేనూ మా చిన్నాయన కొడుకూ ఆ డబ్బాల చుట్టూ తిరిగేవాళ్ళం. ఓడలో తినవలసిన బిళ్ళల్లో చాలా వరకు ఇబ్రహీంపట్నం దాటలేదు.

హజ్‌కు పోయే ముందు ఇంకొక పని చేయాలి. తెలిసినవాళ్ళ గడపలన్నీ ఎక్కి "కహా సునా మాఫ్" అనాలి. అన్నదీ విన్నదీ అంతా మన్నించండి అని. మనిషి మనిషికి చేసిన తప్పును ఆ మనిషే మన్నించాలట, దేవుడు మధ్యలోకి రాడట. అందరి మాఫీలూ తీసుకున్నవాడే తేలికగా పోతాడని పెద్దలు చెప్పేవారు. ఈ సంగతి మాకు మహా నచ్చింది. మేము తొక్కు డబ్బాలో చెయ్యి పెట్టి దొరికిపోయిన ప్రతిసారీ చేతులు జోడించి "కహా సునా మాఫ్" అనేవాళ్ళం. రెండు రోజులు నడిచింది. మూడో రోజు మా అమ్మ వీపు మీద ఒకటిచ్చి, "నాది కూడ మాఫ్ చెయ్యుండ్రి" అంది.

నాయనమ్మ వెంట ఇంటింటికీ నేనే పోయాను. ఆమె తప్పులన్నీ నాకు అప్పుడే తెలిశాయి. పాలు పోసే ఆమె దగ్గర ఆగి, "నీ పాలల్ల నీళ్ళుంటయని ఊరంత చెప్పిన బిడ్డా, మాఫ్ చెయ్యి" అంది. పాలామె కాసేపు ఆలోచించి, "ఉంటయి గాని అవ్వా, నువ్వైతే మంచిగ పోయిరా" అంది. ఒకామె ఏడ్చింది. ఒకామె తన కష్టాలు చెప్పి, అక్కడికి పోయి దువా చేయమంది. ఒక ముసలమ్మ మాత్రం ఎప్పటిదో గుమ్మడికాయ గొడవ మొదటి నుంచీ చెప్పించుకుని, తన మాటే నిజమని ఒప్పించుకున్నాకే మన్నించింది. సాయంత్రం నడుము పట్టుకుని ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ ముఖం కడిగిన గిన్నెలా మెరిసింది.

ఈ సందడిలోనే బట్ట గొడవ జరిగింది. హజ్‌లో మగవాళ్ళు రెండు తెల్లబట్టలు చుట్టుకుంటారు. ఒకటి నడుముకు, ఒకటి భుజాల మీదికి. ఇహ్రాం అంటారు. దానికి కుట్టు ఉండకూడదు. తాత పట్నం నుంచి తెల్ల లట్టా గుడ్డ తెచ్చి మేర తాతకు ఇచ్చాడు. "రెండు తుకడలు చెయ్యి తమ్మీ. కుట్టొద్దు" అన్నాడు. మేర తాత గుడ్డను చేత్తో తడిమి చూశాడు. దాన్ని మడిచి ఇంటికి పట్టుకుపోయాడు.

తెల్లారి తెచ్చిచ్చిన మూట విప్పితే అందులో లాల్చీ ఉంది. మెడ పట్టీ, చేతుల దగ్గర సన్నటి కుట్టు, పక్క జేబు అన్నీ ఉన్నాయి. అంత చక్కటి చేతికుట్టు నేను ఆయన చేతిలో అంతకుముందు చూడలేదు. మిగిలిన గుడ్డను లుంగీగా అంచు కుట్టి తెచ్చాడు.

తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కుట్టొద్దని చెప్పిన కదా."

"కుడితె ఏమయితది" అన్నాడు మేర తాత.

"ఏమయితదా? హజ్ కాదు. గుడ్డంత ఖరాబ్ చేసినవ్."

"కుట్టిన బట్ట ఏస్కుంటె దేవుడు అద్దంటడా?"

"తమ్మీ, నీకు తెల్వని దాంట్ల ఏలు పెట్టకు. గిది మాది. మీకు సమజ్ గాదు."

తాత కోపిష్ఠి కాదు. ప్రయాణం దగ్గర పడుతుంటే మనిషి చిటపటలాడుతున్నాడు, అంతే. కానీ ఆ ఇద్దరి మధ్య మాది, మీది అన్న మాట పడటం అదే మొదలు. మేర తాత లాల్చీ మడతపెట్టి సంచిలో పెట్టుకున్నాడు. మిషిను నెత్తిన పెట్టుకుని, ఆ ఎండలో, వాళ్ళింటికి నడిచి వెళ్ళిపోయాడు. తాత వేరే గుడ్డ తెచ్చి తానే చింపుకున్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో విల్లు మోత ఒక్కటే వినిపించేది. చాయ్ వేళకు అది ఆగేది, కానీ అరుగు మీద గ్లాసు అందుకునేవాళ్ళు లేరు.

ప్రయాణం దగ్గరకు వచ్చింది. తాత అందరి మాఫీలూ తీసుకున్నాడు, మేర తాతది తప్ప. రెండుసార్లు వాళ్ళింటికి పోతే, ఇంట్లో ఉండి కూడా లేడనిపించాడు. తాత అన్నం తగ్గించాడు. రాత్రి పడుకున్నాక నాయనమ్మతో, "గదొక్కటి లేకుండ పోతే ఏం పోయినట్టు" అనడం నేను విన్నాను. అందుకని నాయనమ్మ తన మాఫీ కోసం వెళ్ళినట్టుగా నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. ఆమెకు తలుపు తీయకుండా ఉండటం ఆయన వల్ల కాదు.

"కహా సునా మాఫ్ చెయ్యి మరిది" అంది.

మేర తాతకు నవ్వొచ్చింది. "నీ చేతి రొట్టె తిన్నోన్ని. నువ్వేం తప్పు చేసినవ్ వదినె? ఏమన్న ఉంటె అంత మాఫే. ఏం ఫికర్ లేకుండ పో."

"మరి మీ భాయ్‌కి?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "గాయన సంగతి వేరే" అని సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

పోయే రోజు బస్టాండంతా మా జనమే. తాతకూ నాయనమ్మకూ మెడ నిండా పూలదండలు. క్షేమంగా పోయి రావాలని భుజాలకు ఇమాం జామీన్ పట్టీలు కట్టారు. గులాబీ, అత్తరు, బస్సు డీజిల్ కలిసిన వాసన. నాయనమ్మ కిటికీ పక్కన కూర్చుని పిలిచినవాళ్ళందరికీ మొదటి పిలుపుకే పలుకుతోంది. తాత బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి దించాడు. దండలు తీసి కొడుకైన మా బాపు చేతికిచ్చి, "జర ఆపుండ్రి" అని నడిచాడు. కండక్టరు మావాడే. "పోయిరా హాజీసాబ్, నువ్వొచ్చెదాంక బండి కదలది" అన్నాడు. నేను వెనక పరుగెత్తాను.

మేర తాత మిషిను ముందు కూర్చుని ఉన్నాడు. కుట్టడం లేదు. ఒళ్ళో ఆ తెల్ల లాల్చీ ఉంది.

తాత గడప దగ్గరే నిలబడ్డాడు. "మాది మీదని అన్న. తప్పే. మాఫ్ చెయ్యి తమ్మీ. బస్సు నిలవడ్డది."

"చెయ్య."

"గంత తప్పు అన్ననా?"

మేర తాత తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "గా మాటకు కాదు భాయ్. మీ ఇండ్లల్ల ఎవలు సచ్చినా గుడ్డ కొయ్యనీకి నా కత్తెరకే తెస్తరు. తెల్ల లట్టా. కుట్టు అద్దంటరు. ఎంతమందికి కోసిచ్చిన్నో నాకెర్క. గదే గుడ్డ తెచ్చి నువ్వు ఏస్కుంటనన్నవ్. బతికున్న మనిషివి. ఎట్ల కొయ్యాలె నేను? నా చేతులు రాలే. అందుకే లాల్చీ చేసిన."

తాత గడప మీద కూర్చున్నాడు. తర్వాత, "అవ్, గది కఫన్ లెక్కనే. సచ్చినోని లెక్క దేవుని ముంగట నిలవడాలెనని గట్ల పెట్టిండ్రు. సచ్చుడు కాదు తమ్మీ" అన్నాడు.

"గయన్ని నాకెందుకు? ఆడ సస్తే మంచిదని మీ పెద్దోళ్ళే అంటరు. ఇన్న నేను. అందరు మాఫ్ జేసి నిన్ను తేలిక జేసిండ్రు. నేను చెయ్య. నీకు నా మాఫీ కావాల్నంటె వాపసు రా. వచ్చి తీస్కో."

బస్సు హారన్ వినబడింది. తాత లేచాడు. ఆయన ముఖంలో ఏడుపూ నవ్వూ రెండూ ఉన్నాయి. మేర తాత భుజం మీద చెయ్యి వేసి, ఇంకేమీ అడగకుండా తిరిగి వచ్చేశాడు. బస్సు దగ్గర మసీదు పెద్ద, "అందరి కాడ మాఫీ దొరికిందా" అని అడిగితే, "ఒక్కటి నిలవడ్డది. మంచిగనే నిలవడ్డది" అన్నాడు. ఆ పెద్దకు అర్థం కాలేదు. నాయనమ్మకు అర్థమైంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మర్నాడే మేర తాత మిషిను మళ్ళీ మా అరుగు మీదికి వచ్చింది. విల్లు మా బాపు పట్టుకున్నాడు. ఆయన మోత తాత మోతలా లేదని మేర తాత రోజంతా వంకలు పెట్టేవాడు. సాయంత్రం బస్సుల వేళకు లేచి బాట దాకా పోయి వచ్చేవాడు. నాదర్‌గుల్ వైపు నుంచి ఆకాశంలోకి లేచే చిన్న విమానాలను చూసి, "గిసొంటి దాంట్ల పోతే రేపే వస్తుండె" అనేవాడు. నాయనమ్మ లేక పచ్చిపులుసు మా అమ్మ చేసేది. ఆయన తిని, ఏమీ అనకుండా గిన్నె కడిగి పెట్టేవాడు. చలి ముదిరి రజాయిల పని ఎక్కువైంది. నా బాల్యంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన రోజులు అవే, ఎందుకంటే ఎదురుచూడటానికి ఏదో ఉంది, అది వస్తుందన్న నమ్మకం కూడా ఉంది.

తాత వచ్చేశాడని పట్నం నుంచి ఎవరో కబురు చెప్పారు. అందరం బస్టాండుకు పోయాం. గుండు కొట్టించుకున్న తల మీద వెంట్రుకలు కొంచెం మొలిచి, ఎండకు నల్లబడి, మక్కా నుంచి తెచ్చిన జంజం నీళ్ళ డబ్బా పట్టుకుని తాత దిగాడు. "హాజీసాబ్" అని అందరూ దండలు వేయబోయారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. మేము ఆయన వెనక బస్సు మెట్ల వైపు చూస్తున్నాం. ఇంకెవరూ దిగలేదు.

"వదినె?" అన్నాడు మేర తాత.

"ఆమె ఆడనే ఉన్నది తమ్మీ. హజ్ అంత మంచిగ చేసింది. అయిపోయినంక జరమొచ్చింది. దవాఖానల చూపెట్టిన. ఆడనే మన్నుల పెట్టిన."

మా బాపు ఏడ్చాడు. మా అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. చుట్టూ ఉన్నవాళ్ళు, ఎంత నసీబుదారు, అక్కడ మట్టి దొరకడం అందరికీ రాదు అన్నారు. మేర తాత ఆ మాటలేవీ వినలేదు. బస్టాండు నేల మీద కూలబడి, చేతులు తల మీద పెట్టుకుని, "నేనే మాఫ్ అన్న భాయ్. నవ్వుకుంట అన్న. ఆమెకు గూడ జర ఆపి పెట్టాల్సుండె" అన్నాడు. అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. అట్లా ఏమీ ఉండదని తాత చెబుతాడనుకున్నాను. ఆయన చెప్పలేదు. పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

ఆ తర్వాత విల్లూ మిషినూ మళ్ళీ కలిసి మోగాయి. దూది ఏకే మిషన్లు వచ్చేదాకా, ఫోము పరుపులు వచ్చేదాకా, ఆ ఇద్దరి కళ్ళు మసకబారేదాకా మోగుతూనే ఉన్నాయి. ఊరంతా హాజీసాబ్ అనేది. మేర తాత మాత్రం భాయ్ అనే అనేవాడు. వాపసు వచ్చి తీసుకొమ్మన్న ఆ మాఫీని ఆయన ఇవ్వలేదు. తాత కూడా అడగలేదు. మిగతా అన్నిటి గురించీ మాట్లాడుకునేవాళ్ళు, దాని జోలికి మాత్రం ఇద్దరూ పోయేవాళ్ళు కాదు.

నా పెళ్ళయి పిల్లలు పుట్టిన తర్వాత తాత మంచాన పడ్డాడు. నేను చూడటానికి వచ్చేసరికి మనిషి ఎముకల గూడు. నొప్పికి రోజంతా మూలుగుతున్నాడు. మేర తాత పొద్దున్నే కర్ర పట్టుకుని వచ్చి మంచం పక్కన కూర్చునేవాడు, చీకటి పడ్డాక వెళ్ళేవాడు. ఒక మధ్యాహ్నం నేను గంజి తాగిస్తుంటే తాత నా చెయ్యి పక్కకు తోశాడు.

"తమ్మీ" అన్నాడు. "ఇగ చాలు. నాతోని గాదు. ఇడువు నన్ను."

మేర తాత కదలలేదు. నాకు భయమేసింది. ఆ మాఫీ ఇవ్వొద్దని అరవాలనిపించింది, ఇచ్చేయమని కాళ్ళు పట్టుకోవాలని కూడా అనిపించింది. చివరికి ఆయన లేచి, తాత తల నిమిరాడు.

"అంత మాఫ్ భాయ్" అన్నాడు. "పోయిరా, హాజీసాబ్."

ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు, అదే చివర. తాత ఆ సాయంత్రం అడిగి మరీ చాయ్ తాగాడు. నొప్పి తగ్గిందన్నాడు. మూలుగు లేకుండా పడుకున్నాడు. పోయింది ఆ వారంలోనే, ఒక తెల్లవారుజామున, నిద్రలో. కఫన్ బట్టను మేర తాతే కోశాడు. ఎవరూ అడగకముందే కత్తెర తెచ్చుకున్నాడు.

ఆ అరుగు ఇప్పుడు రోడ్డు వెడల్పులో పోయింది. హాజీ అంటే ఏమిటని మా మనవలు అడిగితే పోయొచ్చినవాడు అనే చెబుతాను, ఎందుకంటే పుస్తకంలో అర్థం అదే. కానీ నా మనసులో ఆ మాటకు అంటుకుని ఉన్నది ప్రయాణం కాదు. తాతను మట్టిచేసి వచ్చిన మరునాడు పొద్దున్న, మేర తాత ఎప్పటిలాగే మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద ఎప్పుడో మూగబోయిన మిషిను ముందు కూర్చున్నాడు. మా అమ్మ ఏం చేయాలో తెలియక ఎప్పటిలాగే చాయ్ తెచ్చింది. ఆయన గ్లాసు అందుకుని, విల్లు మోత కోసమన్నట్టు లోపలికి చెవి పెట్టి, కాసేపు అట్లాగే కూర్చున్నాడు.